స్కాఫోల్డ్ ప్రోటీన్లు: గ్రాహకం నుంచి కణం లోపలికి కబురు నడిచే దారి

కణంలో సంకేతాలు మోసే ప్రోటీన్లను ఒకచోట చేర్చి, దేని పక్కన ఏది ఉండాలో కుదిర్చి, ఆ అమరిక చెదరకుండా పట్టి ఉంచే ప్రోటీన్లను స్కాఫోల్డ్ ప్రోటీన్లు అంటారు. వీటిలో చాలావాటికి సొంతంగా రసాయన చర్య నడిపే శక్తి లేదు. బయటి నుంచి వచ్చిన హార్మోనును పట్టేవి ఇవి కావు, లోపల జన్యువులను మేల్కొలిపేవీ ఇవి కావు. అయినా కణత్వచం మీది గ్రాహకానికి హార్మోను తగిలాక ఆ కబురు ఏ ఎంజైముకు అందాలి, ఎంత త్వరగా అందాలి, ఎక్కడ ఆగాలి అన్నది చాలా సందర్భాల్లో వీటి వల్లే తేలుతుంది.

ఇలాంటి ఏర్పాటు కణానికి ఎందుకు కావలసివచ్చిందో కొన్ని అంకెలు చెబుతాయి. మనిషి జన్యువుల్లో, కబురును లోపలికి అందించే జి-ప్రోటీన్ల ద్వారా పనిచేసే గ్రాహకాలు దాదాపు 800 రకాలున్నాయి. వాటికి అందుబాటులో ఉన్న జి-ప్రోటీన్ల కుటుంబాలు మాత్రం నాలుగే. ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలించే కైనేజ్ ఎంజైములు 500కు పైగా ఉన్నాయి. ఒక్కో కైనేజ్ ఎన్నో రకాల ప్రోటీన్ల మీద పనిచేయగలదు. అడ్రినలిన్ గుండె కణానికి తగిలినా, పారాథైరాయిడ్ హార్మోను ఎముక కణానికి తగిలినా లోపల పెరిగేది సైక్లిక్ ఏఎంపి అనే అదే సంకేత అణువు. ఇంత ఉమ్మడి సరంజామాతో కణం ఒక కబురును మరో కబురుతో కలగాపులగం చేసుకోకుండా బతుకుతోందంటే, సంకేతం ఎంత బలంగా ఉందన్న దానితో పాటు అది ఎక్కడ పుట్టిందన్నది కూడా లెక్కలోకి వస్తోందన్నమాట. ఆ 'ఎక్కడ' అన్న సంగతిని చూసుకునేవే స్కాఫోల్డ్ ప్రోటీన్లు.

ఇది ప్రయోగశాలల గోడలకే పరిమితమైన విషయం కాదు. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో తరాలుగా మనుషుల ఎముకలను, పళ్ళను దెబ్బతీస్తున్న ఫ్లోరైడ్ నీటి కథను కణం దాకా తీసుకెళితే దారిలో ఈ ప్రోటీన్లు ఎదురవుతాయి.

పశ్చిమ ప్రకాశం నీళ్ళు

1970లో, తరువాత ప్రకాశం అని పేరు మారిన కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా నుంచి, పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లా నుంచి వచ్చి అందులో చేరాయి. జిల్లా పేరు మారకముందే, దేశానికి స్వాతంత్ర్యం రాకముందే ఈ మెట్ట ప్రాంతం వైద్య చరిత్రకెక్కింది. 1930ల్లో ఇక్కడి రైతులు దుక్కిటెద్దుల కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషులకు వెన్ను వంగిపోవడాన్ని, మెడ తిరగకపోవడాన్ని హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు పరిశీలించి 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వివరించారు. భారతదేశంలో అస్థి ఫ్లోరోసిస్‌ను గుర్తించిన తొలి వైద్య నివేదిక అదే.

ఫ్లోరైడ్ ఎవరో తెచ్చి కలిపింది కాదు, రాతిలోనే ఉంది. కనిగిరి గ్రానైటులో ఫ్లోరైట్ ఖనిజం ఉంటుంది. వానలు తక్కువగా పడే చోట బోరు లోతుకు పోయేకొద్దీ నీరు రాతితో ఎక్కువ కాలం ఒరుసుకుని ఉంటుంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఆమోదయోగ్యమనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా తాగవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. పశ్చిమ ప్రకాశంలో ఈ గీత దాటిన బోర్లు కొత్త కాదు.

ఫ్లోరైడ్ ఎముకలోని ఖనిజంతో కలిసి దాన్ని మారుస్తుంది. ఇది అందరికీ తెలిసిన భాగం. తక్కువమందికి తెలిసిన భాగం కణ సంకేతాలకు చెందింది. 1950ల చివర్లో అమెరికాలో సదర్లాండ్, రాల్ సైక్లిక్ ఏఎంపి తయారుచేసే ఎంజైమును పరిశీలిస్తూ, పరీక్ష నాళికలో ఫ్లోరైడ్ వేస్తే హార్మోను లేకుండానే ఆ ఎంజైము పనిచేయడం చూశారు. ఎందుకో చాలా ఏళ్ళు అంతుపట్టలేదు. 1982లో స్టెర్న్‌వైస్, గిల్‌మన్ కారణం కనిపెట్టారు. పనిచేసేది ఒంటరి ఫ్లోరైడ్ కాదు, దానికి అల్యూమినియం తోడు కావాలి. ఎవరూ వేయని ఆ అల్యూమినియం రసాయనాల్లోని మలినంగానూ, ఫ్లోరైడ్ తినేసిన గాజు నాళికల నుంచీ వచ్చింది. అల్యూమినియం ఫ్లోరైడ్ జి-ప్రోటీన్ జేబులో ఉండే జిడిపి అనే అణువు పక్కన కూర్చుని మూడో ఫాస్ఫేటులా నటిస్తుంది. దాంతో గ్రాహకం నుంచి కబురు వచ్చిందని నమ్మి జి-ప్రోటీన్ పనికి దిగుతుంది. జి-ప్రోటీన్ల పరిశోధనకు గిల్‌మన్, రాడ్‌బెల్ 1994లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

ఫ్లోరోసిస్ అంటే ఇదేనని చెప్పేస్తే తప్పవుతుంది. ప్రయోగాల్లో వాడిన ఫ్లోరైడ్ గాఢత మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ ప్రయోగం నేర్పినది మరొకటి. గ్రాహకంతో నిమిత్తం లేకుండా జి-ప్రోటీన్లన్నిటినీ ఒక్కసారిగా లేపితే కణానికి ఏది ఎక్కడ నుంచి వచ్చిందో తెలియదు. మామూలు జీవితంలో హార్మోను అలా చేయదు. కణత్వచంలో ఒక మూల ఉన్న గ్రాహకాన్ని మాత్రమే తట్టి, ఆ చుట్టుపక్కల ఉన్నవాటినే కదిలిస్తుంది.

పారాథైరాయిడ్ కబురు, మూత్రపిండంలో దాని దారి

ఫ్లోరోసిస్ బాధితుల్లో కొందరికి పారాథైరాయిడ్ గ్రంథులు మామూలు కంటే ఎక్కువ పనిచేస్తున్నాయని 1973లో తియోతియా బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చెప్పింది. అదే ఏడాది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతపు యువకుల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడం, ఎముకలు గుల్లబారడం కలిసి కనిపిస్తున్నాయని లాన్సెట్‌లో రాశారు. ఫ్లోరైడ్ చేరిన ఎముక కాల్షియాన్ని లాగుకుంటుంది. తిండిలో కాల్షియం తక్కువైతే రక్తంలో దాని మట్టం నిలబెట్టడానికి పారాథైరాయిడ్ హార్మోను పెరగక తప్పదు. పాలు, పెరుగు చాలినంత దొరకని పేద ఇళ్ళలో ఫ్లోరోసిస్ ఎందుకు ఎక్కువ బాధిస్తుందో ఇక్కడే కొంత అర్థమవుతుంది.

ఆ హార్మోను మూత్రపిండానికి చేరినప్పుడు రెండు పనులు చేయిస్తుంది: కాల్షియాన్ని పోనివ్వకుండా దాచడం, ఫాస్ఫేటును మూత్రంలోకి వదలడం. రెండో పని మూత్రపిండంలోని తొలి నాళిక కణాల్లో జరుగుతుంది. వడకట్టిన ద్రవం నుంచి ఫాస్ఫేటును తిరిగి కణంలోకి లాగే ఒక పంపు ఆ కణాల అంచున ఉంటుంది. దాని పేరు ఎన్‌పిటి2ఎ. దానికి కాస్త ఎడంగా పారాథైరాయిడ్ హార్మోను గ్రాహకం ఉంటుంది. గ్రాహకానికీ పంపుకూ మధ్య సంబంధం కలిపేది ఎన్‌హెచ్ఇఆర్ఎఫ్1 అనే స్కాఫోల్డ్ ప్రోటీన్.

ఈ ప్రోటీన్ నిర్మాణం చూస్తే ఈ జాతి మొత్తం ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. 358 అమైనో ఆమ్లాల పొడవున్న ఎన్‌హెచ్ఇఆర్ఎఫ్1లో పిడిజెడ్ అనే భాగాలు రెండున్నాయి. ఒక్కో పిడిజెడ్ భాగం దాదాపు 90 అమైనో ఆమ్లాలతో ముడుచుకుని, పక్కన సన్నటి గాడి పెట్టుకుని ఉంటుంది. గ్రాహకాల, పంపుల తోకల చివర ఉండే మూడు నాలుగు అమైనో ఆమ్లాలు ఆ గాడిలో ఇముడుతాయి. ఏ తోకకు ఏ గాడి అన్నది ఆ కొద్దిపాటి అక్షరాల మీదే ఆధారపడి ఉంటుంది. ఎన్‌హెచ్ఇఆర్ఎఫ్1 రెండో కొస ఎజ్రిన్ అనే ప్రోటీన్ ద్వారా కణపు అస్థిపంజరమైన ఆక్టిన్ తంతువులకు కట్టుబడి ఉంటుంది. అందువల్ల పంపు కణం అంచున కదలకుండా నిలబడుతుంది.

హార్మోను వచ్చినప్పుడు కథ మలుపు తిరుగుతుంది. గ్రాహకం నుంచి బయలుదేరిన సంకేతం ప్రోటీన్ కైనేజ్ సి అనే ఎంజైమును లేపుతుంది. అది ఎన్‌హెచ్ఇఆర్ఎఫ్1లో 77వ స్థానంలో ఉన్న సెరిన్‌కు ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఆ ఒక్క ఫాస్ఫేటుతో గాడి పట్టు సడలుతుంది. పంపు వదులై కణం లోపలికి జారిపోతుంది. ఫాస్ఫేటును లాగేవాళ్ళు లేక అది మూత్రంలో పోతుంది. వైన్‌మన్ బృందం 2007లో ఈ సంగతి నిరూపించింది. అంతకు ముందే, 2002లో, ఈ ప్రోటీన్ లేని ఎలుకలను తయారుచేసి చూస్తే అవి ఫాస్ఫేటును పోగొట్టుకున్నాయి. 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన మనుషుల దాకా వచ్చింది: మూత్రపిండాల్లో రాళ్ళు, ఎముకల బలహీనత ఉన్న కొందరిలో ఎన్‌హెచ్ఇఆర్ఎఫ్1 జన్యువులో మార్పులు కనిపించాయి.

దీని దాయాది ఎన్‌హెచ్ఇఆర్ఎఫ్2 ఇంకా ఆసక్తికరం. సాధారణంగా పారాథైరాయిడ్ గ్రాహకం సైక్లిక్ ఏఎంపిని పెంచుతుంది. ఎన్‌హెచ్ఇఆర్ఎఫ్2 పక్కన ఉంటే అదే గ్రాహకం, అదే హార్మోనుతో సైక్లిక్ ఏఎంపి తయారీని తగ్గించి, ఫాస్ఫోలైపేజ్ సి అనే మరో ఎంజైము దారి పడుతుందని మహోన్, సెగ్రే, వారి సహచరులు 2002లో నేచర్‌లో చూపించారు. ఇది కంభం చెరువు లాంటిదే: నీరు ఒక్కటే. ఏ తూము ఎత్తితే ఆ కింది ఆయకట్టే తడుస్తుంది. ఒకే మందు ఒక అవయవంలో మేలు, మరో అవయవంలో కీడు చేయడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

రక్తంలో, మూత్రంలో ఫాస్ఫేటు ఎంతుందో కొలవడం లేకుండా ఈ కథలో ఒక్క ముక్కా తెలిసేది కాదు. ఆ కొలతకు నమ్మకమైన పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రూపొందించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మాలిబ్డేటుతో కలిసినప్పుడు వచ్చే నీలి రంగు చిక్కదనాన్ని బట్టి ఫాస్ఫరస్‌ను లెక్కగట్టే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో నడిచింది. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే వారిద్దరూ కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటిపిని గుర్తించగలిగారు. కైనేజ్ ఎంజైములు తగిలించే ప్రతి ఫాస్ఫేటూ ఏటిపి నుంచి ఊడదీసిందే. కణ సంకేతాల శాస్త్రానికి తెలుగువారి తొలి కానుక అది.

వడపోత గడపలో

మూత్రపిండంలోనే మరో చోట స్కాఫోల్డ్ ప్రోటీన్లు ఇంకా తేటగా కనిపిస్తాయి. రెండు మూత్రపిండాలు కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. రక్తంలోని ప్రోటీన్లు జారిపోకుండా ఆపే చివరి పొర పోడోసైట్ కణాలది. ఇవి వేళ్ళలాంటి కొమ్మలు చాచి రక్తనాళికలను పట్టుకుంటాయి. వేలికీ వేలికీ మధ్య సన్నని చీలిక, ఆ చీలికకు అడ్డంగా ఒక పొర. పొరలో ప్రధాన ప్రోటీన్ నెఫ్రిన్. కార్ల్ ట్రిగ్వాసన్ బృందం 1998లో దాని జన్యువును కనిపెట్టింది. పుట్టుకతోనే మూత్రంలో ప్రోటీన్ కారిపోయే ఫిన్లాండ్ పసిపిల్లల జబ్బుకు మూలం ఆ జన్యువులోని లోపమే.

నెఫ్రిన్‌ను అడ్డుపొరగా మాత్రమే తీసుకుంటే సగం విషయం జారిపోతుంది. దాని తోక కణం లోపలికి దిగి ఉంటుంది. సంకేతం అందుకుంటుంది, పంపుతుంది. ఫిన్ అనే కైనేజ్ ఆ తోకకు ఫాస్ఫేటు తగిలించగానే ఎన్‌సికె అనే అనుసంధాన ప్రోటీన్ వచ్చి అతుక్కుని ఆక్టిన్ తంతువులు పెరిగేలా చేస్తుందని 2006లో రెండు బృందాలు విడివిడిగా తేల్చాయి. పోడోసిన్ అనే ప్రోటీన్ త్వచంలో హెయిర్‌పిన్‌లా వంగి, పదుల కొద్దీ గుంపుగా చేరి నెఫ్రిన్‌ను సరైన చోటికి రప్పిస్తుంది. సిడి2ఎపి అనే మూడోది నెఫ్రిన్‌ను కణపు అస్థిపంజరంతో ముడివేస్తుంది. అది లేని ఎలుకలు కొన్ని వారాలకే మూత్రపిండాలు చెడి చనిపోయాయి. పోడోసిన్ జన్యువు లోపాలు పిల్లల్లో స్టెరాయిడ్లకు లొంగని నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కు కారణమవుతాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనిల్ కుమార్ పసుపులేటి ప్రయోగశాల ఈ పోడోసిన్ ఆకృతిని, జబ్బు తెచ్చే మార్పుల వల్ల అది ఎలా చెదురుతుందో కంప్యూటర్ నమూనాలతో పరిశీలించింది. ఇలాంటి పని తెలుగు నేల మీద జరగడం ముఖ్యం. మూత్రపిండాల జబ్బు మనకు పుస్తకాల్లో చదివే జబ్బు కాదు.

అలాగని పశ్చిమ ప్రకాశం పల్లెల్లో కనిపించే మూత్రపిండాల జబ్బులన్నిటినీ ఈ చీలికపొరకు అంటగట్టకూడదు. ఉదాహరణకు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం తేలని దీర్ఘకాలిక జబ్బులో దెబ్బ ప్రధానంగా నాళికల మీద, వాటి చుట్టూ ఉన్న కణజాలం మీద పడుతుంది. వడపోత గుత్తి తరువాతే చెడుతుంది. చీలికపొర జబ్బులో మూత్రంలో ప్రోటీన్ ముందే విపరీతంగా పోతుంది; నాళికల జబ్బులో మొదట అంతగా పోదు. ఏ మెట్టు దగ్గర చెడిందో తేల్చకుండా అన్నిటికీ నీళ్ళే కారణమనడం, నీళ్ళు కారణమే కాదనడం రెండూ రోగికి ఉపయోగపడవు.

ఈస్టు నేర్పిన పాఠం

స్కాఫోల్డ్ ప్రోటీన్లన్న ఆలోచన గట్టిపడింది మాత్రం రొట్టె పొంగించే ఈస్టు కణాల వల్ల. ఈస్టులో రెండు లింగాలుంటాయి. ఒకటి వదిలిన ఫెరోమోను రెండోదాని గ్రాహకానికి తగలగానే ఆ కణం పెరుగుదల ఆపి జతకట్టడానికి సిద్ధమవుతుంది. గ్రాహకం నుంచి కేంద్రకం దాకా మూడు కైనేజ్‌లు వరుసగా ఒకదాన్నొకటి లేపుతాయి: ఎస్‌టిఇ11, ఎస్‌టిఇ7, ఎఫ్‌యుఎస్3. ఈ మూడూ ఎస్‌టిఇ5 అనే ఒకే ప్రోటీన్ మీద చేరి ఉంటాయని 1994లో పలు బృందాలు కనుక్కున్నాయి. ఫెరోమోను తగిలినప్పుడు ఎస్‌టిఇ5 గ్రాహకం దగ్గరున్న జి-ప్రోటీన్ ముక్కను పట్టుకుని, కైనేజ్‌ల జట్టంతటినీ వెంటబెట్టుకుని కణత్వచం దగ్గరికి వెళుతుంది.

ఇందులో ఒక తిరకాసుంది. ఎస్‌టిఇ11 అనే కైనేజ్ ఉప్పు నీటిలో పడ్డ ఈస్టును కాపాడే దారిలో కూడా పనిచేస్తుంది. అక్కడ దాన్ని పట్టి ఉంచేది పిబిఎస్2 అనే వేరే ప్రోటీన్. కాలిఫోర్నియాలో వెండెల్ లిమ్ బృందం 2003లో ఎస్‌టిఇ5ను, పిబిఎస్2ను అతికించి ఒక సంకర ప్రోటీన్ తయారుచేసింది. దాన్ని పెట్టిన ఈస్టుకు ఫెరోమోను చూపిస్తే అది జతకు సిద్ధం కాలేదు. ఉప్పు దెబ్బ తగిలినట్లు స్పందించింది. గ్రాహకాన్నీ ఎస్‌టిఇ11నూ ముట్టుకోకుండా, మధ్యలో పట్టి ఉంచేదాన్ని మార్చినందుకే కణం కబురుకు మరో అర్థం చెప్పుకుంది. స్కాఫోల్డ్ ప్రోటీన్ల ప్రాముఖ్యానికి ఇంతకన్నా బలమైన రుజువు అరుదు.

ఇవి ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకోవడమూ పొరపాటే. ఒక్కో స్కాఫోల్డ్ మీద జట్టు మొత్తం కూడితేనే పని జరుగుతుంది. స్కాఫోల్డ్‌లు మరీ ఎక్కువైతే ఒకదాని మీద మొదటి కైనేజ్, మరోదాని మీద రెండోది చిక్కుకుని రెండూ కలుసుకోవు, సంకేతం నీరసిస్తుంది. 1997లో బ్రే, లే, 2000లో లెవ్‌చెంకో బృందం గణితంతో ఈ సంగతి చూపించారు.

ప్రేమ్‌కుమార్ రెడ్డి, జెఎల్‌పి

క్షీరదాల కణాల్లో ఇలాంటి ప్రోటీన్‌ను వెలికితీసినవారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి అమెరికా వెళ్ళిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి ఒకరు. క్యాన్సర్ పరిశోధనలో ఆయన పేరు 1982లోనే నిలిచిపోయింది. మనిషి మూత్రాశయపు క్యాన్సర్ కణాల్లో రాస్ అనే జన్యువు ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల క్యాన్సర్ జన్యువుగా మారిందని ఆ ఏడాది నేచర్‌లో వచ్చిన పరిశోధనా పత్రాల్లో ఆయన బృందానిది ఒకటి. ప్రోటీన్‌లో 12వ స్థానంలో గ్లైసిన్ ఉండాల్సిన చోట వాలీన్ వచ్చింది, అంతే. గ్రాహకం కబురు పంపినప్పుడు మాత్రమే పనిచేయాల్సిన రాస్, ఆ మార్పుతో ఎప్పుడూ ఆగని సంకేతమైంది. 1987లో మొదలైన ఆంకోజీన్ పత్రిక సంస్థాపక సంపాదకుల్లోనూ ఆయన ఉన్నారు.

ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో, ఫెల్స్ సంస్థకు డైరెక్టరుగా ఉన్న రోజుల్లో ఆయన బృందం జెఎల్‌పి అనే ప్రోటీన్‌ను గుర్తించింది. కేంద్రకంలో జన్యువులను నడిపే మాక్స్ అనే ప్రోటీన్‌కు జోడీల కోసం వెతుకుతుంటే ఇది దొరికింది. 2002లో అమెరికా జాతీయ సైన్సు అకాడమీ పత్రికలో వెలువరించిన ఫలితాల ప్రకారం జెఎల్‌పి ఒకవైపు జెఎన్‌కె, పి38 అనే ఒత్తిడి సంకేతాల కైనేజ్‌లను, వాటిని లేపే ఎంకెకె4, ఎంఇకెకె3లను పట్టి ఉంచుతుంది. మరోవైపు మాక్స్, మిక్ వంటి జన్యు నియంత్రకాలనూ పట్టుకుంటుంది. కబురు పంపేవాళ్ళు, దాన్ని అమలుచేసేవాళ్ళు ఒకే ప్రోటీన్ మీద కూడడం అప్పటికి కొత్త సంగతి. 2005లో ధనశేఖరన్‌తో కలిసి చేసిన పరిశోధనలో జి-ఆల్ఫా-13 అనే జి-ప్రోటీన్ నుంచి జెఎన్‌కెకు దారి కలిపేది కూడా జెఎల్‌పియేనని తేలింది.

జెఎల్‌పి ఒక గ్రాహకంతో నేరుగా ముడిపడిన తీరు 2006లో బయటపడింది. కండరం ఏర్పడాలంటే మయోబ్లాస్ట్ అనే పూర్వకణాలు ఒకదాన్నొకటి తాకి, వరుసగా చేరి, కలిసిపోయి పొడవాటి కండర తంతువులు కావాలి. పక్కన మరో కణం ఉందని తెలుసుకునే గ్రాహకాల్లో సిడిఒ ఒకటి. న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్‌లో రాబర్ట్ క్రాస్ ప్రయోగశాల, ప్రేమ్‌కుమార్ రెడ్డి సహకారంతో, సిడిఒ తోకకు జెఎల్‌పి అతుక్కుంటుందనీ, జెఎల్‌పి వెంట పి38 కైనేజ్ వస్తుందనీ జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో చూపించింది. జెఎల్‌పిని తగ్గిస్తే పి38 సరిగా మేల్కొనదు, మయోబ్లాస్ట్‌లు కండరంగా మారడం కుంటుపడుతుంది. కణాల మధ్య స్పర్శ కండరంగా మారే దారిలో అవసరమైన మెట్టు ఈ ముగ్గురి కూడికే. రెడ్డి 2010లో ఫిలడెల్ఫియా వదిలి అదే మౌంట్ సినాయ్‌కి మారారు.

జెఎల్‌పికి భారతదేశంలో మరో పేరుంది. ఢిల్లీలోని జాతీయ రోగనిరోధకశాస్త్ర సంస్థలో అనిల్ సూరి బృందం 1998లో వృషణ కణాల్లో గుర్తించిన జన్యువు తరువాత ఎస్‌పిఎజి9 పేరుతో స్థిరపడింది. జెఎల్‌పి ఆ జన్యువు నుంచే వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న శరీరంలో ఎస్‌పిఎజి9 ప్రోటీన్ ప్రధానంగా వృషణాల్లోనే కనిపించిందనీ, అనేక క్యాన్సర్ గడ్డల్లో మాత్రం అది పెద్దమొత్తంలో ఉందనీ సూరి బృందం చెప్పింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో దీన్ని రోగనిరోధక చికిత్సకు గురిగా వాడే ప్రయత్నంలో చెన్నై అడయార్ క్యాన్సర్ సంస్థ పాలుపంచుకుంది.

మెదడు, గుండె, ఈగ కన్ను

ఇలాంటి ప్రోటీన్లు మరెన్నో చోట్ల ఉన్నాయి. ఈగ కంటిలో ఐదు పిడిజెడ్ భాగాలున్న ఐఎన్ఎడి అనే ప్రోటీన్ కాంతి సంకేతపు ఎంజైములను, అయాన్ మార్గాన్ని ఒకచోట పట్టి ఉంచుతుంది. ఈగ చూపు అంత చురుకుగా ఉండడంలో దాని పాత్ర పెద్దది. గుండె కణాల్లో యోటియావో అనే ప్రోటీన్ పొటాషియం మార్గం పక్కనే ప్రోటీన్ కైనేజ్ ఎను నిలబెడుతుంది. భయంతోనో పరుగుతోనో అడ్రినలిన్ పెరిగినప్పుడు గుండె ప్రతి స్పందన తరువాత త్వరగా తేరుకోవడానికి ఈ పొరుగు అవసరం. యోటియావోలో ఒక్క అమైనో ఆమ్లం మారడం వల్ల లాంగ్ క్యూటి అనే గుండె లయ జబ్బు రావచ్చని 2007లో తేలింది. ఇన్సులిన్ విషయంలో ఇలా ఒకచోట చేర్చే పని ఐఆర్ఎస్-1 ప్రోటీన్‌ది. ఇన్సులిన్ గ్రాహకం దానికి పలుచోట్ల ఫాస్ఫేట్లు తగిలిస్తే, వాటిని చూసుకుని ఇతర ఎంజైములు వచ్చి చేరతాయి.

మెదడులో పిఎస్‌డి-95 ఉంది. నాడీకణాలు కలిసే చోట గ్లుటమేట్ అందుకునే ఎన్ఎండిఎ గ్రాహకాల తోకలను ఇది తన పిడిజెడ్ గాడులతో పట్టుకుంటుంది; నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమును అదే పక్కన ఉంచుతుంది. మామూలు రోజుల్లో ఇది జ్ఞాపకానికి పనికొచ్చే అమరిక. పక్షవాతంలో రక్తం ఆగినప్పుడు గ్లుటమేట్ వరదలా వచ్చి, గ్రాహకం నుంచి లోపలికి దూకిన కాల్షియం ఆ ఎంజైమును మితిమీరి లేపుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ కణాన్ని చంపుతుంది.

ఆ గ్రాహకాన్ని మూసేసే మందులు పక్షవాత రోగుల మీద ఫలించలేదు. మెదడుకు ఆ గ్రాహకం కావాలి మరి. కెనడాలో మైకేల్ టిమియాన్స్కీ బృందం వేరే ఉపాయం ఎంచుకుంది. గ్రాహకాన్ని పనిచేయనిచ్చి, దానికీ పిఎస్‌డి-95కూ మధ్య పట్టును మాత్రం విడదీయాలి. అందుకోసం గ్రాహకపు తోక చివరి తొమ్మిది అమైనో ఆమ్లాలను అనుకరించే చిన్న పెప్టైడు తయారుచేశారు. దాని పేరు నెరినెటైడ్. 1,105 మంది రోగులతో నడిచిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. మొత్తం మీద తేడా కనిపించలేదు. రక్తపు గడ్డను కరిగించే ఆల్టిప్లేజ్ మందు తీసుకోని రోగుల్లో మాత్రం మేలు కనిపించింది. ఆల్టిప్లేజ్ వల్ల ఒంట్లో పుట్టే ప్లాస్మిన్ అనే ఎంజైము నెరినెటైడ్‌ను ముక్కలు చేసేస్తుండడం అందుకు కారణమని పరిశోధకులు భావించారు. ఆ తరువాత వారి దృష్టి ప్లాస్మిన్ పళ్ళకు చిక్కని పెప్టైడుల మీదికి మళ్ళింది.